మూడో వాసన

చలికాలానికి బజారులోకి రావలసిన సెంటు అది. మగవాళ్ళు సాయంత్రం పూసుకునేది. నూనెల పాళ్ళు కుదిరాయి. సీసా కుదిరింది. పెట్టె మీద రాత కుదిరింది. ఒక్కటే మిగిలింది. రెండు నమూనాల్లో ఏది తీసుకోవాలో తేలలేదు.

ఆఫీసు ఏసీ గదిలో తేలదని పెర్ఫ్యూమర్ అంది. పొయ్యి మీద వంట, తెరిచిన కిటికీ, నలుగురు మనుషులు ఉన్నచోట చూడాలంది. బ్రాండ్ మేనేజర్ అందర్నీ తన ఇంటికి భోజనానికి పిలిచాడు.

శనివారం సాయంత్రం ఏడింటికి డైరెక్టర్, పెర్ఫ్యూమర్ కొండాపూర్‌లోని అతని ఫ్లాటుకు వచ్చారు. హాల్లో బాల్కనీ పక్క కుర్చీలో కూర్చున్న పెద్దాయన లేచి నిలబడి దండం పెట్టాడు.

"మా నాన్నగారు. బేగంబజార్‌లో మసాలా దినుసుల వ్యాపారంలో ఉండేవారు," అన్నాడు అతను.

పెద్దాయన ఏమీ అనలేదు. కుర్చీని గోడవైపు జరుపుకుని కూర్చున్నాడు.

పెర్ఫ్యూమర్ సంచిలోంచి రెండు చిన్న సీసాలు తీసి బల్ల మీద పెట్టింది. ఒకదాని మీద ఒకటి అని, ఇంకోదాని మీద రెండు అని రాసి ఉంది. సన్నటి కాగితపు పట్టీల కట్ట విప్పింది. ఆమెది భీవండి. మగ్గాల మీద బతకడానికి కరీంనగర్ నుంచి వెళ్ళిన కుటుంబంలో పుట్టింది. వాసనల పని కన్నౌజ్‌లో నేర్చుకుంది. రాగి డేగిశాల్లో పూలూ వేళ్ళూ ఉడికించి, ఆ ఆవిరిని చందనం నూనెలోకి దించి అత్తరు తీసే ఊరు అది. 1991లో ప్రభుత్వం అక్కడ సుగంధాల కేంద్రం పెట్టింది. తరవాత ఆమె చాలా ఏళ్ళు ముంబయిలో పనిచేసింది. ఇంట్లో మాత్రం తెలుగే.

"కాకా, మీరూ చూడుండ్రి," అని ఒక పట్టీ పెద్దాయనకూ ఇచ్చింది.

"నాకేం తెలుస్తది బిడ్డా?"

"తెలువని ముక్కే కావాలె మాకు."

ఏడుంబావుకి రెండు సీసాల నుంచీ పట్టీల మీద కొట్టింది. ఆల్కహాల్ ఎగిరిపోయేదాకా పట్టీని గాలిలో ఆడించింది. ఒక్కొక్కరికి రెండేసి పట్టీలు. డైరెక్టర్ వాసన చూసి కళ్ళు మూసుకున్నాడు. బ్రాండ్ మేనేజర్ వాసన చూసి ఫోన్‌లో ఏదో రాసుకున్నాడు. పెద్దాయన పట్టీని ముక్కుకు ఆనించలేదు. జానెడు దూరంలో పెట్టి, రెండుసార్లు చిన్నగా పీల్చాడు. తరవాత ముఖం పక్కకు తిప్పి, ముడిచిన మోచేతి మడతలో ముక్కు పెట్టి ఊపిరి తీసుకున్నాడు. మళ్ళీ పట్టీ దగ్గరికి వచ్చాడు.

పెర్ఫ్యూమర్ అది చూసింది. ఒకే వాసనలో కాసేపు ఉంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. మళ్ళీ మేల్కొలపడానికి సెంటు దుకాణాల్లో కాఫీ గింజలు వాసన చూపిస్తారు. పనిలో ఉన్నవాళ్ళు అవేవీ వాడరు. తమ మోచేతి మడతను తామే చూసుకుంటారు. దాన్ని ఆమెకు ఎవరో నేర్పారు.

"మిరియం," అన్నాడు పెద్దాయన. "యాలకులు. ఇంకోటేదో పుల్లగ ఉన్నది. నారింజ తొక్క లెక్క. అది మా గోదాంల లేకుండె."

డైరెక్టర్ కళ్ళు తెరిచాడు. పుల్లగా ఉన్నది బెర్గమోట్. ఇటలీ దక్షిణాన కలాబ్రియాలో పండే ఒక నారింజ జాతి పండు తొక్క నూనె. బేగంబజార్ గోదాములోకి వచ్చే అవకాశం లేదు.

"మిరియం ఉన్నది గని, ఘాటు లేదు బిడ్డా. ముక్కు మండుత లేదు."

"మండదు కాకా. మిరియాలను ఆవిరి పడితే వాసన ఒక్కటే నూనెల దిగుతది. కారం గింజలనే ఉండిపోతది."

"గట్లనా," అన్నాడు పెద్దాయన. ఆ మాట ఆయనకు నచ్చినట్టుంది. ఇంకోసారి పీల్చాడు.

"ఇక పారేద్దామా?" అన్నాడు డైరెక్టర్.

"వద్దు సర్. ఇది మొదటిది. ఇప్పుడు పోతుంది. ఎనిమిదిన్నరకు ఇంకోటి వస్తుంది. పదింటికి అసలుది వస్తుంది," అంది.

పెద్దాయన అడిగాడు. "ఒక్కటే సీసల మూడెట్ల ఉంటయి?"

ఆమె పట్టీని పట్టుకుని చెప్పింది. కలిపేటప్పుడు అన్నీ కలిసే ఉంటాయి. లేచిపోయేటప్పుడు కలిసి లేవవు. తేలికవి ముందు లేస్తాయి. పండ్ల తొక్కలు, మిరియం, యాలకులు. పావుగంట, ఇరవై నిమిషాలు, అంతే. తరవాత నడిమివి. లవంగం, జాజికాయ, దాల్చినచెక్క. అవి ఒకటి రెండు గంటలు నిలబడతాయి. అన్నిటి కిందా బరువైనవి ఉంటాయి. చెక్కలూ వేళ్ళూ. అవి రాత్రి దాకా, బట్టకు అంటితే తెల్లారిందాకా కూడా ఉంటాయి. 1850లలో లండన్‌లో సెప్టిమస్ పీస్ అనే ఆయన వాసనలన్నిటినీ సంగీత స్వరాల్లాగా మెట్లు మెట్లుగా పేర్చి పుస్తకం రాశాడు. అప్పటి నుంచి ఎన్నో మారాయి గాని, మెట్లు అనే ఆలోచన పోలేదు.

"సెంటు కొనేటోడు మొదటి వాసన చూసి కొంటడు కాకా. కాని ఆయన ఇంట్లోవాళ్ళు బతికేది మూడో వాసనతోని."

పెద్దాయన తల ఊపాడు. "మూడోది పోదు," అన్నాడు.

ఎనిమిదింటికి కోడలు వడ్డన మొదలుపెట్టింది. బగారా అన్నం, మటన్, దాల్చా. ఇంటినిండా లవంగం, చెక్క, షాజీరా వాసన. పెర్ఫ్యూమర్ కోరుకున్నది అదే. ఆ వంట వాసన మీద కూడా సెంటు నిలబడాలి.

అందరూ చేతులు కడుక్కుని కూర్చున్నారు. పెద్దాయన రాలేదు. వంటింటి వెనక కుళాయి ఆగకుండా పారుతున్న చప్పుడు వినిపించింది.

"మామయ్య అంతే," అంది కోడలు. "ఎవరైనా వస్తే చాలు. మోచేతుల దాకా సబ్బు రుద్దుతారు. బీరపీచుతో తోముతారు. కడిగి, వాసన చూసుకుని, మళ్ళీ రుద్దుతారు. నెలకు నాలుగు సబ్బులు. కరోనా అప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో అందరికీ చేతులు ఎట్లా కడగాలో చూపించారు. నేను పెళ్ళయి వచ్చేసరికే ఆ అలవాటు ఉంది."

పెద్దాయన తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పూర్తిచేతుల చొక్కా మోచేతుల పైకి మడిచి ఉంది. మోచేతుల కింద ఒక్క వెంట్రుక లేదు. అక్కడి చర్మం నున్నగా, పై చేతికంటే ఒక ఛాయ తెల్లగా ఉంది. గీత గీసినట్టు మోచేతి దగ్గర రంగు మారింది. అరచేతులు మాత్రం నల్లగా, గట్టిగా, కాయలు కాసి ఉన్నాయి.

పెర్ఫ్యూమర్ పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. అక్కడ కూర్చున్నాడు. చొక్కా చేతులు కిందికి దించి గుండీలు పెట్టుకున్నాడు.

ఎనిమిదిన్నరకు ఆమె పట్టీలు మళ్ళీ అందరికీ ఇచ్చింది. డైరెక్టర్ పళ్ళెం పక్కన పెట్టి వాసన చూశాడు. అన్నంలోని లవంగం వాసనేదో పట్టీలోని లవంగం వాసనేదో అతనికి తెలియలేదు.

పెద్దాయన మోచేతి మడతలో ఒకసారి ఊపిరి తీసుకుని పట్టీ అందుకున్నాడు.

"లవంగం. జాజికాయ. చెక్క ఉన్నది. మనం అన్నంల ఏసిన మందం చెక్క గాదు. సన్నటిది. సిలోన్ చెక్క."

"జాపత్రి?" అంది పెర్ఫ్యూమర్.

"లేదు. జాజికాయ ఒక్కటే."

ఆమె చెయ్యి కడుక్కోకుండానే ఎడంచేత్తో సంచిలోంచి నోటుపుస్తకం తీసింది. జాజికాయా జాపత్రీ ఒకే పండులోవి. లోపలి గింజ జాజికాయ. గింజ చుట్టూ ఎర్రటి వలలాగా అల్లుకుని ఉండేది జాపత్రి. రెండింటి వాసనా దగ్గర దగ్గరగా ఉంటుంది. నూనె పట్టాక విడదీసి చెప్పడం ఆమె దగ్గర పనిచేసే పిల్లలకు చాలా నెలలు పడుతుంది. ఈ సెంటులో జాపత్రి వేయలేదు.

"కాకా, ఎన్నేండ్లు చేసిన్రు వ్యాపారం?"

"వ్యాపారం సేట్‌ది బిడ్డా. నేను బస్తాలు మోసిన."

కొడుకు నీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

"కేరళ నుంచి యాలకులు, మిరియాలు వచ్చేటియి. లవంగాలు కన్యాకుమారి దిక్కుకెళ్ళి. లారీకాడి నుంచి గోదాంకు, గోదాం నుంచి దుకాణంకు. సేట్‌కు జడీబూటీ దుకాణం గూడ ఉండె. దేవదారు చెక్క, వట్టివేర్లు, జటామాంసి, కచ్చూరాలు గోనెసంచులల్ల. గంధపు చెక్కకు మాత్రం తాళమేసిన పెట్టె. అది గూడ నేనే మోసేటోణ్ణి. నా మీద సేట్‌కు నమ్మకం."

"గ్రేట్," అన్నాడు డైరెక్టర్. బ్రాండ్ మేనేజర్ వైపు చూశాడు. "ఇంత కథ ఇంట్లో పెట్టుకుని చెప్పలేదే. ఎక్కడ చదివావు నువ్వు?"

"ఆబిడ్స్‌లో సర్. ఇంగ్లీషు మీడియం. నాన్నే చేర్పించారు."

"బేగంబజార్ నుంచి దగ్గరే. రోజూ నాన్నగారే దింపేవారా?" అంది పెర్ఫ్యూమర్.

"మొదట్లో దింపేవారు. తరవాత నేనే వెళ్ళేవాణ్ణి."

కోడలు దాల్చా ఇంకో గరిటె వడ్డించింది. డైరెక్టర్ మాట మార్చాడు.

"మేడమ్, పెట్టె మీద రాత మీరింకా వినలేదు కదా. ఇతను రాసింది. ఈ సెంటు అమ్ముడయ్యేది మీ నూనెల వల్ల కాదు, ఆ రాత వల్ల. చదువు ఒకసారి."

అతను చెయ్యి కడుక్కుని వచ్చాడు. బల్ల సొరుగులోంచి అచ్చు కాగితం తీశాడు. చదివే ముందు రెండు మాటలు చెప్పాడు. మగవాళ్ళకు మసాలా వాసన కొత్త కాదు. 1938లోనే అమెరికాలో ఓల్డ్ స్పైస్ మగవాళ్ళ కోసం వచ్చింది. 1990లో షనెల్ వాళ్ళు చందనం, దాల్చినచెక్క కలిపి ఎగోయిస్ట్ తెచ్చారు. దాని ప్రకటనలో ఆడవాళ్ళు హోటల్ కిటికీలు తెరిచి ఒక మగాడిని స్వార్థపరుడా అని అరుస్తారు. ఆ మగాడు కనపడడు, అతని చెయ్యీ సీసా మాత్రమే కనపడతాయి. చెక్కా మసాలా కలిసిన వాసన అంటే జనం మనసులో అట్లాంటి మనిషే ఉన్నాడు. డబ్బూ, దర్పం, ఎవరినీ లెక్కచేయకపోవడం. తను రాసింది ఆ మనిషి గురించి కాదు. పోయిన ఏడాదంతా ఈ వాసన దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. ఇది ఎలాంటి మనిషి వాసన అని తనను తాను అడిగాడు. వచ్చిన జవాబు రాశాడు.

చదివాడు.

"ఈయన పొద్దున కనిపించడు. పగలంతా పనిలో ఉంటాడు. పొద్దు వాలాక వస్తాడు. గొంతు పెంచడు. ఎంత బరువైనా భుజం మార్చుకోడు. అడిగితే తప్ప మాట్లాడడు. అన్నమాట తప్పడు. ఈయన ఇంట్లో ఉంటే మిగతావాళ్ళకు భయం ఉండదు. వెళ్ళిపోయాక కూడా చాలాసేపు ఇక్కడే ఉన్నట్టుంటుంది. ఆయన కంటే ముందు ఆయన వాసన వస్తుంది."

పెర్ఫ్యూమర్ వెంటనే ఏమీ అనలేదు. రెండేళ్ళుగా తను చేతులతో చేసినదాన్ని ఎవరో మనిషిగా చేసి ఎదురుగా నిలబెట్టినట్టుంది ఆమెకు.

"ఎవరిని అనుకుని రాశారు?" అని అడిగింది.

"ఎవరినీ కాదు మేడమ్. ఊహ. చివరి వాక్యం ఒక్కటి మాత్రం ఆలోచించి రాసింది కాదు. ఒక రాత్రి దానంతటదే వచ్చింది. నేను ఎప్పుడూ ముందు ఇంగ్లీషులో రాసి తెలుగు చేస్తాను. అది మాత్రం ముందు తెలుగులోనే వచ్చింది."

"దాని మీదే నిలబడుతుంది సెంటంతా," అన్నాడు డైరెక్టర్. "ఆ వాక్యం విన్న రోజే నేను వేరే ఏజెన్సీతో మాట్లాడటం మానేశాను."

పెద్దాయన అన్నం కలుపుతూ ఉన్నాడు. ముద్ద చేయలేదు.

"ఆఖరి మాట మల్లొక్కపారి చదువు బిడ్డా."

"ఆయన కంటే ముందు ఆయన వాసన వస్తుంది."

"మంచిగున్నది," అన్నాడు పెద్దాయన.

అతని ముఖం వెలిగింది. తన పని గురించి తండ్రి ఒక మాట అనడం అదే మొదటిసారి. కాగితం బల్ల మీద పెట్టి, వెళ్ళి తండ్రికి పెరుగు వడ్డించాడు.

పదింటికి అందరూ హాల్లో చేరారు. వంట వాసన తగ్గింది. బాల్కనీ తలుపు తెరిచారు. బయటి గాలి చల్లబడింది. ఈ సెంటు సాయంత్రానిదే ఎందుకయిందో పెర్ఫ్యూమర్ డైరెక్టర్‌కు చెప్పింది. పగటి ఎండలో ఒంటి వేడికి అన్నీ ఒక్కసారి పైకి లేస్తాయి. బరువైన చెక్క వాసనలు, మసాలాలు అట్లా లేస్తే పక్కవాడికి ఊపిరాడదు. చల్లటి గాలిలో అవి నెమ్మదిగా విడుస్తాయి. అందుకే ఎండపొద్దున నిమ్మజాతి తేలిక నూనెలు పూసుకుంటారు, పొద్దువాలాక ఇవి.

ఇక తేల్చవలసింది తేల్చాలి. ఒకటో నమూనాకూ రెండో నమూనాకూ మొదటి మెట్టులో తేడా లేదు. రెండో మెట్టులో లేదు. తేడా అంతా అడుగున ఉంది. ఒకటోదాంట్లో అసలు చందనం నూనె. రెండోదాంట్లో ప్రయోగశాలలో తయారైన చందనం వాసన. రెండోది వాడితే సీసాకు చాలా డబ్బు మిగులుతుంది. డైరెక్టర్‌కు రెండోది కావాలి. పెర్ఫ్యూమర్‌కు ఒకటోది కావాలి.

చందనం చెట్టు తన వేళ్ళను పక్క చెట్ల వేళ్ళకు తగిలించి వాటి సారం తీసుకుని పెరుగుతుంది. వాసన బెరడులో ఉండదు, లోపలి చేవలో ఉంటుంది. చేవ పట్టడానికి పదిహేనేళ్ళయినా ఆగాలి. ఒకప్పుడు పట్టాభూమిలో మొలిచిన చందనం చెట్టు కూడా ప్రభుత్వానిదే. కర్ణాటకలో 2001లో, తమిళనాడులో 2002లో చట్టం మారింది. అప్పటి నుంచి రైతులు నాటుతున్నారు. అయినా నూనె ధర దిగలేదు.

"జనానికి తేడా తెలియదు మేడమ్," అన్నాడు డైరెక్టర్. "నాకే తెలియడం లేదు."

పెర్ఫ్యూమర్ పట్టీల మీద అంకెలు కనపడకుండా వేళ్ళు అడ్డం పెట్టి పెద్దాయనకు ఇచ్చింది.

ఆయన ఈసారి ఎక్కువసేపు తీసుకున్నాడు. ఒక పట్టీ. మోచేతి మడత. ఇంకో పట్టీ. మళ్ళీ మోచేతి మడత.

"రెండిట్ల దేవదారు ఉన్నది. వట్టివేరు ఉన్నది. గీ దాంట్ల గంధం ఉన్నది. గా దాంట్ల లేదు."

"దాంట్లో కూడా ఉంది పెద్దాయనా. మళ్ళీ చూడండి," అన్నాడు డైరెక్టర్.

"గంధం లెక్క ఉన్నది సారూ. గంధం గాదు. ముట్టియ్యని అగర్‌బత్తి వాసన."

గంధం లేదన్న పట్టీ మీద నుంచి పెర్ఫ్యూమర్ వేలు తీసింది. రెండు అని ఉంది.

డైరెక్టర్ రెండు పట్టీలూ తీసుకుని మళ్ళీ మళ్ళీ వాసన చూశాడు. చెప్పాక అతనికీ తెలిసింది. కాసేపు లెక్కలు వేసుకున్నాడు. చివరికి "సరే, ఒకటోదే," అన్నాడు. రెండో సీసాకు మూతపెట్టి పెర్ఫ్యూమర్ సంచిలో వేసుకుంది.

కొడుకు తండ్రి పక్కన వచ్చి కూర్చున్నాడు. ఇందాక గ్లాసు పట్టుకుని తల దించుకున్న మనిషి ఇప్పుడు తల ఎత్తి అన్నాడు.

"మేడమ్, జీవితమంతా బస్తాలు మోశారు నాన్న. ఆ వాసనలన్నీ ఒంటికి పట్టాయి. అందుకే ఇంత బాగా తెలుసు."

"మోస్తే తెలువదు బిడ్డా," అన్నాడు పెద్దాయన. "మోసేటప్పుడు బరువొక్కటే తెలుస్తది. గోదాంల అడుగుపెట్టిన ఘడియకే ముక్కు సచ్చిపోతది. మా హమాలీలను ఎవ్వలనన్న అడుగు. ఏ బస్తాల ఏమున్నదో మీద రాత చూసి చెప్తరు గని వాసన చూసి చెప్పరు."

"మరి?" అంది పెర్ఫ్యూమర్.

"కడుగుతుంటె తెలిసింది."

ఆమె నోటుపుస్తకం తెరిచింది.

"మిరియం, యాలకులు ఉత్త నీళ్ళకే పోతయి. లవంగం, జాజికాయ పోవు, సబ్బు పెట్టాలె. రెండుసార్లు రుద్దితె జాజికాయ పోతది, లవంగం ఉంటది. మూడోసారికి లవంగం పోతది. అప్పుడు కిందికెళ్ళి దేవదారు వస్తది. అప్పటిదాక అది ఉన్నట్టె తెలువదు. పీచు పెట్టి తోమితె దేవదారు తగ్గుతది. వట్టివేరు తగ్గుతది. గంధం పోదు. తోలు ఎర్రగైనా పోదు. ఒక్కొక్కటి పోయినంక ఇంకొకటి బయటపడుతుంటె, ఏది ఏందో తెలిసింది. నేను బడికి పోలేదు బిడ్డా. గీ ఒక్క చదువు మాత్రం కుళాయి కాడ చదివిన."

ఆమె రాసుకున్నది చూసుకుంది. వెనక పేజీ తిప్పింది. అక్కడ ఈ సెంటులోని సరుకులు ఏది ముందు ఎగిరిపోతుందో ఏది చివరిదాకా ఉంటుందో వరసగా రాసి ఉన్నాయి. ఆయన చెప్పిన వరసా ఆమె వరసా ఒకటే.

"హమాలీలందరు గట్లనే కడుగుతరా కాకా?"

"ఎవ్వలు కడుగరు. చేతులు దులుపుకుని ఇంటికి పోతరు. పెండ్లాం పిల్లలకు అదే అలవాటైతది."

"మరి మీరెందుకు అంతగనం కడిగిన్రు?"

పెద్దాయన బల్ల మీదున్న అచ్చు కాగితం దగ్గరికి లాక్కున్నాడు. ఆయనకు చదువు రాదు. ఆఖరి మాట ఎక్కడుంటుందో తెలుసు. అన్నిటికన్నా కిందున్న గీత మీద వేలు పెట్టాడు.

"గీ మాట వీడు నాకు నాలుగో తరగతిలనే చెప్పిండు బిడ్డా, బడి గేటు కాడ."